సీసాకి పావలా, చెత్తకి తొంభై: మ్యూనిక్‌లో అద్దె కాపురం

జర్మనీలోని మ్యూనిక్‌లో మాకు ఇల్లు అద్దెకిచ్చినాయన మీద కోపం ఇంకా తగ్గలేదు. అది తెలిసి చదవండి. ఊరికి మాత్రం ఏ వంకా పెట్టను.

హోటల్లో దిగి, బస్సులో తిప్పించుకుని వచ్చే యాత్ర వద్దు, కొన్నాళ్లు అక్కడివాళ్లలా బతికి చూద్దాం అన్నది మా ఆవిడ. వంటిల్లు ఉంటే నేనూ వస్తానంది అత్తయ్య. అలా 2025 జూన్‌లో బయల్దేరాం. వీసాకి మనిషికి 90 యూరోలు, దానికి తోడు కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు. యూరో అప్పుడు వంద రూపాయలకి దగ్గర్లో ఉంది కాబట్టి అత్తయ్యకి లెక్క సులువు: ఏ ధర చూసినా రెండు సున్నాలు తగిలించి నిట్టూర్చడమే. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. అందుకని నెయ్యి డబ్బా, కోవాబిళ్లలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఆవకాయ, కందిపొడి మాతో వచ్చాయి.

ఇల్లు నాయ్‌హౌజెన్ పేటలో. రోజుకి 118 యూరోలు, క్లీనింగ్ పేరుతో 85, డిపాజిట్ 200. లిఫ్ట్ లేని మూడో అంతస్తు. తాళాలు చేతికొచ్చేసరికి శనివారం రాత్రి ఏడున్నర దాటింది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో దుకాణాలు ఎనిమిదికల్లా మూసేయాలి, అది చట్టం. సామాన్లు పైకి చేర్చి కిందికి దిగేసరికి సూపర్‌మార్కెట్ షట్టర్ సగం దించేశారు. మర్నాడు ఆదివారం, అన్నీ బంద్. ఆ మర్నాడు సోమవారం కదా అనుకుంటే, అది పెంతెకొస్తు సెలవు, అదీ బంద్. ఆదివారం విశ్రాంతి అనేది వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది, 1919 నాటి వైమార్ రాజ్యాంగం నుంచి ఆ మాటని యథాతథంగా తెచ్చి పెట్టుకున్నారు. మంచిదే. కానీ తాళాలిచ్చిన పెద్దమనిషి "రెండు రోజులు ఏమీ దొరకవు, పాలూ కూరలూ ఇప్పుడే కొనుక్కోండి" అని ఒక్క ముక్క అనొచ్చుగా! మేం దిగేది ఏ రోజో ఆయనకి నెలల ముందే తెలుసు. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున బేకరీలు కాసేపు తెరుస్తారు. ఉప్పు కళ్లు అద్దిన వేడి బ్రెట్సెల్ అనే ముడి రొట్టె 1 యూరో 10 సెంట్లు. పైన గోధుమరంగు పెంకు పెటపెటలాడుతుంది, లోపల మెత్తగా సాగుతుంది. అత్తయ్య ఉప్పంతా చీరకొంగుతో దులిపేసి, దాని మీద ఆవకాయ నూనె రాసుకుని తింది. నేనూ రుచి చూశాను, బాగుంది. తరవాత తెలిసిందేంటంటే, పెద్ద రైల్వేస్టేషన్లో దుకాణాలు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి. పాలు, బియ్యం, వెన్న అక్కడే కొన్నాం. పావుకిలో వెన్న రెండు యూరోల పైచిలుకు. ఆ వెన్న కాచి నెయ్యి చేశాక అత్తయ్య మొహంలో మళ్లీ వెలుగొచ్చింది.

చూసిన చోట్ల గురించి పెద్దగా చెప్పను. నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట, రేగెన్స్‌బర్గ్ పాతబస్తీ, సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్, అన్నీ అనుకున్నట్టే జరిగాయి. కోట టికెట్ మటుకు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఈ ప్రయాణాలన్నీ డాయిచ్‌లాండ్ టికెట్ మీదే. 2025లో నెలకి 58 యూరోలు. దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ట్రాములు, లోకల్ రైళ్లు, అన్నిటికీ అదే చాలు. వేగంగా పోయే ఐసీఈ రైళ్లకి పనికిరాదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఇది నెల టికెట్ కాదు, చందా. పదో తారీఖులోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బులు కూడా కార్డు నుంచి పోతాయి. పదో తారీఖులోపు కొని, కొన్న రోజే రద్దు కొట్టేయండి, ఆ నెలాఖరు దాకా టికెట్ పనిచేస్తూనే ఉంటుంది. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా. గేట్లు లేవు కదా అని ధైర్యం చేయకండి, తనిఖీ చేసేవాళ్లు మామూలు బట్టల్లో పక్క సీట్లోనే కూర్చుని ఉండొచ్చు.

హోటల్ భోజనానికి ఒక్కసారే వెళ్లాం. మంచినీళ్లు అడిగితే ముప్పావు లీటరు గాజు సీసా తెచ్చి పెట్టారు. అత్తయ్య ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. బుడగలు! బిల్లులో దాని ఖరీదు 7 యూరోల 40 సెంట్లు. "సోడాకి ఏడువందల నలభయ్యా బాబూ?" అని ఆవిడ మూడు వీధుల దాకా అడుగుతూనే ఉంది. గ్యాస్ లేని నీళ్లు కావాలని విడిగా చెప్పాలి. చెప్పినా ఊరికే ఇవ్వరు. ఇంట్లో కొళాయి నీళ్లు శుభ్రంగా తాగొచ్చు, సీసా నింపుకుని తిరగండి.

సీసా అంటే గుర్తొచ్చింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకి, డబ్బా డ్రింకుకి 25 సెంట్లు, మామూలు బీరు సీసాకి 8 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీది సూపర్‌మార్కెట్‌లో మెషీన్‌కి ఇస్తే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్లో డబ్బుగా మార్చుకోవచ్చు. నలిపేస్తే, లేబుల్ చింపితే మెషీన్ తీసుకోదు. సీసాకి పావు యూరో అన్నమాట. అత్తయ్యకి ఈ పని మహా నచ్చింది. గుండ్రటి కన్నంలో సీసా పెట్టడం, అది గిరగిరా తిరిగి లోపలికి పోవడం, తెర మీద అంకె పెరగడం. చివరిసారి 3 యూరోల 75 సెంట్లు వస్తే, ఆ చీటీ నా చేతికివ్వకుండా తనే వెళ్లి చాక్లెట్లు కొనుక్కుంది.

ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చింది హిర్ష్‌గార్టెన్. ఎనిమిది వేలమంది కూర్చునే బీర్ గార్డెన్, చెస్ట్‌నట్ చెట్ల కింద చెక్క బల్లలు, పక్కనే కంచె అవతల జింకలు. మ్యూనిక్‌లో పాత పద్ధతి బీర్ గార్డెన్‌కి తిండి మనమే తెచ్చుకోవచ్చు, తాగేది మాత్రం వాళ్ల దగ్గర కొనాలి. 1812లో అక్కడి రాజు బీరు కాచేవాళ్లని తమ తోటల్లో బీరు అమ్ముకోనిచ్చి, తిండి అమ్మొద్దన్నాడట, ఊళ్లో హోటళ్లవాళ్ల గోల పడలేక. ఆ అలవాటే ఇప్పటికీ నడుస్తోంది. బల్ల మీద గుడ్డ పరిచి ఉంటే అక్కడ వడ్డన ఉంటుంది, సొంత తిండి కుదరదు. గుడ్డ లేని బల్ల వెతుక్కోండి.

మేం నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు పట్టుకెళ్లాం. అరల్లోంచి గాజు మగ్గు తీసుకుని, తొట్టి దగ్గర మనమే కడుక్కుని, వరసలో నిలబడి పోయించుకోవాలి. నేను బీరు, మా ఆవిడా అత్తయ్యా ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లె. (సోడాయే, కానీ ఈసారి ఎవరూ గొడవ చేయలేదు.) అదే బల్ల మీద ఓ జర్మన్ కుటుంబం గళ్ల గుడ్డ పరిచి చీజూ ముల్లంగీ కోసుకుంటోంది. ముల్లంగిని తెగకుండా చుట్టలా తరిగి ఉప్పు చల్లారు. మాకు పెట్టారు, మేం పులిహోర పెట్టాం. ఆ ఇంటాయన పల్లీలు ఏరుకుని ముందు తిన్నాడు. ముగ్గురికీ కలిపి ఖర్చు 20 యూరోలు దాటలేదు. రాత్రి తొమ్మిదయినా వెలుగు పోలేదు, అత్తయ్య ఇంటికి రానంది.

ఇక చెత్త. ప్లాస్టిక్ పసుపు డబ్బాలో వేయాలని వీడియోల్లో చూసే వెళ్లాం. మా పెరట్లో పసుపు డబ్బానే లేదు! నల్లది, నీలం, గోధుమరంగు, అంతే. ఇంట్లో ఉన్న రూల్స్ ఫైలు మొత్తం జర్మన్‌లో. మొదటి అంతస్తు పెద్దావిడ ఫోన్‌లో అనువాదం పెట్టి విడమరిచి చెప్పింది. నీలం కాగితాలకి, గోధుమరంగు కూరగాయల తొక్కలకి, నల్లది మిగతావాటికి. ప్లాస్టిక్, రేకు డబ్బాలు, గాజు వీధి చివర కంటెయినర్ల దాకా మనమే మోసుకెళ్లాలి, గాజు మళ్లీ తెలుపు, ఆకుపచ్చ, గోధుమరంగు విడివిడిగా. ఆదివారం గాజు వేయకూడదు, చప్పుడవుతుంది. పెరుగు కప్పు మీది రేకు పూర్తిగా ఊడదీసి ఎలా వేరు చేయాలో కూడా చేసి చూపించింది. ఆ రోజు నుంచి అత్తయ్య బియ్యంలో రాళ్లు ఏరినట్టు చెత్త ఏరింది.

ఇంటికొచ్చాక డిపాజిట్ 200కి 110 మాత్రమే వెనక్కొచ్చింది. "చెత్త తప్పుగా వేశారు, 90 యూరోలు" అని మెయిల్, కింద ఒక ఫోటో. గోధుమరంగు డబ్బాలో ప్లాస్టిక్ సంచీ, అందులో కుక్కల తిండి రేకు డబ్బాలు. మేం కుక్కని తెచ్చుకున్నామా? శాకాహారులం, ఆ డబ్బా మాదెలా అవుతుంది? ఆ భవనంలో ఎవరింట్లో కుక్క ఉందో మెట్లెక్కే ప్రతివాడికీ తెలుసు. అదే రాశాను, కొంచెం ఘాటుగానే. వారం గడిచాక 55 వచ్చింది. మిగతా 35 "విచారణ ఖర్చులు" అట. మా చెత్త కాదని తేల్చడానికి మేమే డబ్బు కట్టాం!

అందుకని ఇల్లు బుక్ చేసేముందు చెత్త ఎలా పారేయాలో రాతపూర్వకంగా అడగండి. వచ్చేరోజు ప్రతి గదినీ, పెరట్లో డబ్బాలనూ ఫోటో తీసుకోండి. డిపాజిట్ బుక్ చేసిన సైటు ద్వారానే కట్టండి, నేరుగా అకౌంటుకి వద్దు. శనివారం సాయంత్రం దిగకండి. సెప్టెంబరు చివర్లో అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండగ సమయంలో గది దొరకడమే గగనం, అప్పుడు వెళ్లకండి.

ఇంటికి రేటింగ్ ఇమ్మని సైటు వాళ్లు అడిగారు. పడకలు బాగున్నాయి, వంటింట్లో కత్తులు పదునుగా ఉన్నాయి. అయిదుకి రెండు చుక్కలిచ్చాను. ఆయనా మాకు రివ్యూ రాశాడు: "చాలా శుభ్రమైన అతిథులు, మళ్లీ రావచ్చు." ఆ 35 యూరోల ఊసు మాత్రం అందులో లేదు.