తొందరపడి సంతకం పెట్టని ల్యాబ్

అమ్మ మోచేతి పైన గట్టిగా, చిన్న గడ్డ ఉండేది. నొప్పి లేదు కాబట్టి కొవ్వు గడ్డే అనుకున్నాం. డాక్టరు చిన్న ముక్క తీసి వేరే చోట పరీక్షకు పంపిస్తే, చర్మ క్యాన్సర్ కాదని చెప్పలేం అంటూ రిపోర్టు వచ్చింది. ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

సెకండ్ ఒపీనియన్ కోసం ఆ ముక్కతో చేసిన గాజు స్లైడ్లు ఈ ల్యాబ్‌కు తెచ్చాం. కణజాలం పరీక్షించే పాథాలజిస్టు మేడమ్ చూసి, "ముక్క మరీ పైపైన తీశారమ్మా. కింది పొర చూడకుండా నేను ఏదీ రాయను" అన్నారు. మళ్లీ కోత అనగానే అమ్మ హడలిపోయింది. అయినా మేడమ్ మా డాక్టరు గారికి స్వయంగా ఫోన్ చేసి, గడ్డ మొత్తం లోతుగా తీసి, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పంపమన్నారు.

తేలింది గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. అరుదైనదే, కానీ దాదాపు ఎప్పుడూ హాని లేనిదే. మేడమ్ నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి చూపించారు. చర్మం లోపలి పొరలో పెద్ద పెద్ద కణాలు, ఒక్కోదాని నిండా గులాబీ రంగు రవ్వ పోసినట్టుంది. వాటి మీద పైచర్మం మందమెక్కి వేళ్లలా కిందికి దిగుతుందట. పైముక్క ఒక్కటే చూస్తే అచ్చం క్యాన్సర్‌లా కనిపించేది అదే! ఎస్-100 అనే స్టెయిన్ (కణాల రకం తేల్చే రంగు పరీక్ష) వేస్తే ఆ కణాలన్నీ గోధుమ రంగుకు తిరిగాయి. అంటే నరాల చుట్టూ ఉండే ష్వాన్ కణాల జాతివన్నమాట. 1926లో దీన్ని వర్ణించిన రష్యన్ పాథాలజిస్టు అబ్రికొసాఫ్ కండరం నుంచి పుట్టిందనుకున్నారట. ఇలాంటి స్టెయిన్లు లేని కాలం మరి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఈ స్పెషల్ స్టెయిన్ వల్ల రిపోర్టు ఆలస్యమవుతుందని కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు. అడిగినప్పుడల్లా "రేపు రండి" అన్నారు. క్యాన్సరేమోనన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకు కారణం చెప్పడం కనీస ధర్మం. స్టెయిన్ వేస్తున్నారని ఒక మెసేజ్ పెట్టినా సరిపోయేది.

రిపోర్టు మాత్రం వివరంగా ఇచ్చారు. కణ విభజన ఎంతుంది, చచ్చిన కణజాలం ఉందా, అన్నీ రాశారు. కోసిన అంచుల దాకా గడ్డ కణాలు రాలేదని కూడా విడిగా ఉంది. అంచుల్లో మిగిలితే ఈ గడ్డ మళ్లీ రావచ్చు కాబట్టి, మీ రిపోర్టులో ఆ వాక్యం లేకపోతే అడిగి రాయించుకోండి.