గట్టి గాలి, అలలు ఉంటే ఇల్కా 6 బెస్ట్

చెన్నై సముద్రంలో మధ్యాహ్నం గాలి లేచాక దానికి ఎదురెళ్లడం నేర్చుకోవాలంటే నా ఓటు ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ ఇల్కా 6కే. హల్ (పడవ బాడీ) పెద్ద తెరచాపుండే ఇల్కా 7దే, సెయిల్ (తెరచాప) మాత్రం 7.06 చదరపు మీటర్లకి బదులు 5.76, అందుకే బరువు తక్కువున్నవాళ్లు కూడా బోటుని ఫ్లాట్‌గా ఉంచగలరు, మన సెయిలర్ నేత్రా కుమనన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో దిగింది కూడా ఈ క్లాస్‌లోనే. వ్యాంగ్ (సెయిల్ అడుగున ఉండే కర్రని కిందికి లాగే తాడు) బాగా బిగించి కన్నింగ్‌హామ్ (సెయిల్ ముందు అంచుని కిందికి లాగే తాడు) లాగితే సెయిల్ పైభాగం ఎక్కువైన గాలిని వదిలేస్తుంది, సూపర్ అసలు. గాలి విసురు తగిలేలోపే బోటు అంచు మీంచి బయటికి వాలి షీట్ (సెయిల్‌ని లోపలికి, బయటికి కదిపే తాడు) కొంచెం వదలండి, అల ఎక్కేటప్పుడు బోటుని కాస్త గాలివైపు తిప్పి, పైకి చేరగానే గాలికి దూరంగా తిప్పాలి, లేకపోతే బోటు ముక్కు తర్వాతి అలకి కొట్టుకుని స్పీడ్ మొత్తం పోతుంది. అలా బయటికి వాలి ఉంటే తొడలు మాత్రం మండిపోతాయి, మంచి హైకింగ్ ప్యాంట్ (ఇలా వాలడానికే వేసుకునే ప్యాంట్) కూడా కొనేయండి.