స్టార్టయ్యీ కదలని బండి: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత నా మాట

2015లో కొన్న చిన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. తొమ్మిదేళ్లలో 1,31,000 కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో లీటరుకు 13, హైవే మీద 18 వస్తోంది. ఏసీకి ఒక్కసారి గ్యాస్ పట్టించా. వెనక ముగ్గురు కూర్చుంటే మధ్యలో ఉన్నవాళ్లు సూర్యాపేట వచ్చేదాకా సణుగుతూనే ఉంటారు. ఇవన్నీ ఏ చిన్న బండికైనా ఉండేవే. రాయాల్సిందల్లా పోయిన వానాకాలం ఖమ్మంలో జరిగిన సంగతి. కంపెనీ పేరు రాయను, తప్పు బండిది కాదు.

బావమరిది ఇంటి గేటు దగ్గర కాస్త ఎత్తు ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్కిస్తుంటే ముందు చక్రం దగ్గర టప్‌మంది. రాయి తగిలిందనుకున్నా. అంతే, బండి ఆగింది. ఇంజన్ నడుస్తోంది, ఫస్ట్ గేర్ పడుతోంది, క్లచ్ వదిలితే కదలదు. రివర్స్ వేసినా అదే కథ. ఇంజన్ ఆపి, గేర్లోనే ఉంది కదా అని బ్రేకు మీద కాలు తీశానో లేదో, మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. బావమరిది పరిగెత్తుకెళ్లి చక్రం కింద ఇటుక పెట్టాడు.

పక్క షెడ్డు నుంచి వచ్చిన కుర్రాడు బానెట్ కూడా ఎత్తలేదు. “క్లచ్ ప్లేట్ అయిపోయింది సార్. గేర్‌బాక్స్ దించాలి, 9,500 అవుద్ది” అన్నాడు. క్లచ్ మార్పించి ఇరవై వేల కిలోమీటర్లు కూడా కాలేదు. పైగా ప్లేటు అరిగి జారుతుంటే ముందు నుంచే చెబుతుంది: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, స్పీడు రాదు, కాలిన వాసన కొడుతుంది. నాకు అవేవీ లేవు.

వానలో రాత్రంతా హ్యాండ్ బ్రేక్ వేసి పెడితే వెనక డ్రమ్ములు పట్టుకుపోవడం నాకు ఇదివరకే అనుభవం. కానీ అప్పుడు క్లచ్ వదిలితే ఇంజన్ గింజుకుని ఆగిపోతుంది. ఇక్కడ హాయిగా తిరుగుతోంది. గేర్ కేబుల్ ఊడితే రాడ్డు మజ్జిగలో కవ్వంలా ఎటుపడితే అటు తిరుగుతుంది. క్లచ్ వైరు తెగితే పెడల్ నేలకు అంటుకుపోతుంది, ఇంజన్ ఆన్‌లో ఉండగా గేరే పడదు. ఇవీ కావు.

మరి ఏంటంటే, స్పీడోమీటర్ ముల్లు. రెండో మెకానిక్, అరవై దాటిన పెద్దాయన, పక్క సీట్లో కూర్చుని “గేర్లో వేసి, క్లచ్ వదిలి రేజ్ చెయ్యండి సార్, ముల్లు చూడండి” అన్నాడు. బండి నిలబడే ఉంది, ముల్లు మాత్రం 15 దాటింది! నా బండిలో స్పీడు సెన్సర్ గేర్‌బాక్స్ మీద ఉంటుంది. అంటే క్లచ్ పట్టింది, గేర్‌బాక్స్ తిరుగుతోంది. ఆ తిరుగుడు చక్రం దాకా చేరట్లేదు. (చక్రాల దగ్గరి సెన్సర్లతో స్పీడు చూపే బండ్లకు ఈ కిటుకు పనికిరాదు.) హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డం పెట్టి, పక్క నుంచి టార్చ్ వేసి చూశాం. ఎడమ యాక్సిల్, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే రాడ్డు, గిరగిరా తిరుగుతోంది, చక్రం ఉలకదు పలకదు. చక్రం దగ్గర యాక్సిల్ జాయింటుకు తొడిగే రబ్బరు బూటు చిరిగి గ్రీజంతా రిమ్ము లోపలికి చిమ్మి, మట్టితో కలిసి నల్లటి ముద్దలా ఉంది.

ఒకవైపు యాక్సిల్ పోతే రెండో చక్రం లాగదా అని అడిగా. రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల సెట్టు, డిఫరెన్షియల్, ఎటు తేలిగ్గా ఉంటే అటే తిరుగుతుంది, అడ్డున్న వైపు చక్రానికి బలం పోదు అన్నాడు. గేర్లో పెట్టినా బండి ఎందుకు జారిందో అప్పుడు అర్థమైంది.

ఇక నా నిర్వాకం. నాలుగు నెలలుగా యూటర్న్ తీసుకున్నప్పుడల్లా ఎడమవైపు టకటకమనేది. పాట సౌండు పెంచి తిరిగా. ఆ చప్పుడు మొదలవకముందే, బూటు చిరిగినప్పుడే మార్చి గ్రీజు పెట్టిస్తే 600తో పోయేది. యాక్సిల్ మొత్తానికి 4,800, గేర్ ఆయిల్, లేబర్ కూడా కలిపితే 6,300 అయింది.

ఆ తర్వాత 8,000 కిలోమీటర్లు తిరిగా, చప్పుడు లేదు. బండి అమ్మే ఆలోచన లేదు. కుడివైపు బూటు మడతల్లో సన్నటి పగుళ్లు కనిపించాయని కొత్తది కొని డిక్కీలో పెట్టా. ఆదివారం వేయిస్తానని మా ఆవిడతో చెప్పి మూడు ఆదివారాలైంది.