మూడేళ్లు ఆగి రాస్తున్న రివ్యూ: ప్రెయిరీ గడ్డి విత్తనాల ప్యాకెట్

మేం ఇల్లినాయ్‌లో, చికాగో శివార్లలో ఉంటాం. 2022 నవంబర్‌లో పెరట్లో కొంత లాన్ తీసేసి ఈ విత్తనాలు చల్లాను. మొదటి ఏడాదే రివ్యూ రాసి ఉంటే ఒక్క స్టార్ ఇచ్చేదాన్ని, అందుకే మూడు వేసవులు చూశాక రాస్తున్నా.

ఈ పిచ్చి ఇల్లినాయ్‌లోనే ఉన్న మిడేవిన్ అనే చోటికి వెళ్లొచ్చాక పట్టుకుంది. పాత మందుగుండు ఫ్యాక్టరీ స్థలాన్ని 1996 నుంచి మళ్లీ ప్రెయిరీగా, అంటే ఇక్కడి సహజమైన గడ్డినేలగా మారుస్తున్నారక్కడ, 2015లో బైసన్లని (అమెరికా అడవి దున్నలని) కూడా తెచ్చి వదిలారు. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల గడ్డినేల ఉండేదట, దున్నేయగా దున్నేయగా చెక్కుచెదరకుండా మిగిలింది అందులో వెయ్యో వంతు కూడా లేదు. అది విన్నాక లాన్‌కి నీళ్లు పట్టబుద్ధి కాలేదు.

ముందు ఒక పెద్ద స్టోర్‌లో వైల్డ్‌ఫ్లవర్ మిక్స్ కొని మోసపోయా, వచ్చినవన్నీ కాలిఫోర్నియా పాపీలూ, యూరప్ డైసీలూ, ఇక్కడి ప్రెయిరీ మొక్కలు కావు. ఈ ప్యాకెట్ మాత్రం చిన్న నర్సరీది. లేబుల్ మీద ప్రతి మొక్క పేరూ, విత్తనం ఏ కౌంటీ (జిల్లా లాంటిది) నుంచి సేకరించారో రాసి ఉంది. కొనేవాళ్లు ముందు చూడాల్సింది అదే.

ఇందులోని బిగ్ బ్లూస్టెమ్ అనే ప్రెయిరీ గడ్డి గింజలకి నూగు ఉంటుంది, వేళ్లకి అంటుకుపోతాయి. తడి ఇసుకలో కలిపి చల్లి, కాళ్లతో తొక్కి వదిలేశా. చలికాలమంతా మంచు కింద నానితేనే వీటిలో చాలావాటికి మొలక వస్తుంది.

మొదటి వేసవి అంతా కలుపే. ఎత్తు పెరిగిందని ఊరి ఆఫీసు నుంచి నోటీసు వస్తే బాగా టెన్షన్ పడ్డా. ప్యాకెట్‌తో ఇచ్చిన కాగితంలో చెప్పినట్టు అర అడుగు ఎత్తులో కోస్తూ వచ్చా, మొలకలకి ఎండ తగిలింది, నోటీసు గొడవా తీరింది. ఆ ఏడాది ఈ మొక్కల పనంతా నేల కిందే. బిగ్ బ్లూస్టెమ్ ముదిరితే వేళ్లు 8 అడుగుల పైనే దిగుతాయి.

నచ్చనిది ఒక్కటే, మొలకల ఫొటోలు ఇవ్వలేదు. కలుపనుకుని కంపాస్ ప్లాంట్ అనే ప్రెయిరీ పూలమొక్క మొలకలు పీకేశానని తర్వాత తెలిసి ఏడుపొచ్చింది.

మూడో వేసవి ఆగస్టుకి గడ్డి నా తల దాటింది. కణుపుల దగ్గర ఊదా రంగు, కొసన వెన్ను మూడుగా చీలి అచ్చం కోడి కాలు. జొన్నకి చుట్టమే ఇది, కాండం చూస్తే మీకే తెలుస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ మిల్క్‌వీడ్ ఆకు తుంచి, కారిన పాలు చూసి "ఇది మన జిల్లేడు కదే" అంది. నిజంగానే రెండూ ఒకే కుటుంబం. దాని మీద చారల మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు పదకొండు లెక్కపెట్టాం. వాటికి మిల్క్‌వీడ్ తప్ప వేరే తిండి లేదు.

నాలుగున్నర స్టార్లు. ఈ నవంబర్‌లో వీధి వైపుకి ఇంకో ప్యాకెట్ తెప్పిస్తున్నా. పక్కింటావిడ అడిగితే మిల్క్‌వీడ్ కాయలు ఒలిచి, దూది తీసేసి, గింజలు కవర్‌లో కట్టి ఉంచా.