మా తిరునాళ్లకు పిలిపించిన హరిశ్చంద్ర నాటకం ఎలా ఉందంటే

కొండపి దగ్గర మా ఊరు. శ్రీరామనవమికి తిరునాళ్ల చేస్తాం. నాది కిరాణా కొట్టు కాబట్టి లెక్కలు సరిగ్గా రాస్తానని కమిటీ పద్దు నా చేతిలో పెట్టారు. ఈసారి సత్య హరిశ్చంద్ర పద్యనాటకం పెట్టించాం. వచ్చిన ట్రూపు పనితనం గురించి రాస్తే పక్క ఊళ్ల కమిటీలకు పనికొస్తుందని ఇది. ట్రూపు పేరు రాయడం లేదు, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

బేరం కుదిరింది 70 వేలకు, 10 వేలు బయానా. స్టేజీ, మైకులు, లైట్లు, భోజనాలు మనవే. పోయినేడు డాన్స్ ప్రోగ్రాముకు లక్ష దాటింది, పదింటికల్లా ఆడవాళ్లు, పెద్దవాళ్లు లేచి ఇళ్లకు పోయారు. అయినా కుర్రాళ్లు ఈసారీ డీజే కావాలని పట్టుబట్టారు. "ఈ రోజుల్లో నాటకాలు ఎవరిక్కావాలి" అని ఒకడంటే, కమిటీలో పెద్దాయన "ప్రకాశం పంతులు గారు ఒంగోల్లో నాటకాలేసినాయనే, ఆడవేషం కూడా కట్టాడు. ఆ నాటకాల మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారే ఆయన్ని చదివించింది. జిల్లాకు పేరెవరిదిరా?" అన్నాడు. కుర్రాళ్లు నవ్వేసి ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టా కాదా నాకిప్పటికీ తెలియదు.

ఇక ట్రూపు. ఎనిమిదికి వస్తామన్నవాళ్లు తొమ్మిదిన్నరకు దిగారు. మేకప్‌లు అయ్యి తెర లేచేసరికి పదకొండు. వీళ్లంతా ఒక ఊరివాళ్లు కాదు. కాంట్రాక్టరు ఒక్కొక్కరిని ఒక్కో చోటు నుంచి పిలిపిస్తాడు. రిహార్సల్ అంటూ ఏమీ ఉండదు, నాటకం మొత్తం అందరికీ నోటికొచ్చు. హరిశ్చంద్రుడు ఒకడే అనుకునేరు, మాకు ఇద్దరు వచ్చారు. వారణాసి దాకా ఒకరు, కాటి సీనుకు ఇంకొకరు. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పక్కన కూర్చున్న మా మనవరాలు "తాతా, ఈయన ఇందాక లావుగా ఉన్నాడుగా" అంది.

అందరిలోకీ నక్షత్రకుడు బ్రహ్మాండం. విశ్వామిత్రుడి బాకీ కోసం రాజు వెంట పడి తిరిగే వేషం అది. వడ్డీలు, వాయిదాలు, రేపిస్తా ఎల్లుండిస్తా అనే మాటలు అతను విసురుతుంటే, పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు అప్పులు తెచ్చిన రైతులు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నక్షత్రకుడి మీదే జాలి కలిగింది. వసూలు చేసేవాడి కష్టం ఎవడికీ పట్టదు. ఆ తర్వాత కొట్లో పాత బాకీ అడిగితే చాలు, "వచ్చాడ్రా నక్షత్రకుడు" అంటున్నారు. దానికి కమిటీ నాకేమీ పరిహారం ఇవ్వలేదు.

చంద్రమతి వేసినామెకు రెండుసార్లు వన్స్‌మోర్ పడింది. ఆర్మోనిస్టు ఆమె గొంతును వదలకుండా పట్టుకుని నడిపించాడు. మొదటి హరిశ్చంద్రుడు మాత్రం పద్యం అయిపోయినా రాగం ఆపడు. ఈ మధ్యలో చదివింపులు. ఒక పార్టీవాళ్లు 500 చదివిస్తే రెండో పార్టీవాళ్లు 1,000. లోహితాస్యుడికి పాము కరిచి తల్లి ఏడుస్తుంటే మైకులో పేర్లు చదివారు. ఇది ట్రూపు తప్పు కాదు, మనదే.

కాటి సీను వచ్చేసరికి మూడైంది. ఇందులో నటులు పాడే శ్మశానవాటి పద్యాలు నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివి కావు, జాషువా గారివి. నటులు తెచ్చి కలిపారు, ఇప్పుడవి లేకపోతే జనం ఒప్పుకోరు. రెండో హరిశ్చంద్రుడు తెల్లారిపోతుందన్న కంగారులో వాటిలో రెండు దాటేశాడు. "అయ్యా, జాషువా గారి పద్యాలు మింగేశావే!" అని వెనక నుంచి కేక. చూస్తే ఎస్సీ కాలనీలో ఉండే ముసలి బేల్దారి మేస్త్రీ. చదివింది ఐదో తరగతి, ఆ వేషానికి పేరుమోసిన డీవీ సుబ్బారావు గారి హరిశ్చంద్ర చూసిన కళ్లివి అని చెప్పుకుంటాడు. నటుడు ఆగాడు. స్టేజీ అంచుకొచ్చి ఆయనకు దండం పెట్టి, విడిచిన పద్యాలు రెండూ పాడాడు. మేస్త్రీ కూడా కింద నుంచి గొంతు కలిపాడు. ఇద్దరిలో ఎవరిది బాగుందని అడిగితే నేను చెప్పను.

మా చిన్నప్పుడు కాలనీవాళ్లు స్టేజీకి ఎడం పక్కన, దూరంగా నేలమీద కూర్చునేవాళ్లు. ఇప్పుడు అందరికీ కుర్చీలే, కానీ ఎవరి వరస వాళ్లదే. ఆ పద్యాలయ్యాక కమిటీ ప్రెసిడెంటే వెళ్లి మేస్త్రీని తెచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒక్క రాత్రితో ఊరు మారిపోయిందని చెప్పను, మారలేదు. కాకపోతే మరుసటి వారం టీ బంకు దగ్గర డీజే అడిగిన కుర్రాళ్లే ఆయన చేత పద్యం పాడించి ఫోన్లో రికార్డు చేసుకోవడం చూశాను. లక్ష పోసిన డాన్సు ప్రోగ్రాం గురించి మర్నాడు ఎవరూ మాట్లాడుకోలేదు. ఆ లెక్కన 70 వేలు దండగ కాదని నా పద్దు చెబుతోంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటీ టైముకి. వచ్చే ఏడూ వీళ్లనే పిలుద్దామనుకుంటున్నాం, కాకపోతే తెర లేచే టైము కాగితం మీద రాయించుకుంటాం, బ్యాలెన్స్ కాటి సీను అయ్యాకే ఇస్తాం. మీరు పిలిస్తే ఆర్మోనిస్టు ఆయనే వస్తాడా అని ముందే అడగండి, మనిషి మారితే సగం నాటకం పోయినట్టే. స్టేజీ మీద వేలాడే మైకులు రెండు చాలవు, నాలుగు పెట్టించండి. భోజనాలు రాగానే పెట్టేయండి. ముఖానికి రంగేసుకున్నాక వాళ్లు టీ తప్ప ఏమీ ముట్టరు.