పాత ఎలక్ట్రానిక్స్ పత్రికల్లో యాడ్లు వెతకాలంటే: లైబ్రరీ బైండు సంపుటాలా, నెట్‌లో స్కాన్లా?

ఫలానా చిప్ యాడ్ మొదట ఎక్కడ వచ్చింది, ఫలానా ట్రాన్సిస్టర్ యాడ్ ఎలా సంపాదించాలి, దానికి లైబ్రరీలో బైండు చేసి పెట్టిన పాత సంచికలు చూడాలా, నెట్‌లో స్కాన్లు సరిపోతాయా అని నన్ను అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మొన్నమొన్నటిదాకా ఎవరడిగినా లైబ్రరీకే వెళ్లమనేవాణ్ణి. అసలు కాగితం చేతిలో ఉండగా స్కాన్ ఎందుకు అనేది నా నమ్మకం. ఇప్పుడు అలా చెప్పలేను.

కిందటి నెల రేథియాన్ కంపెనీ సీకే722 ట్రాన్సిస్టర్ యాడ్ల కోసం బయల్దేరాను. 1953 మొదట్లో అది 7.60 డాలర్లు. 1954 చివరికి 3.50 అయింది, 1956కి 99 సెంట్లకు దిగింది. హాబీగా రేడియోలు కట్టుకునే మామూలు మనిషి కొనగలిగిన తొలి ట్రాన్సిస్టర్ అది. ఆ ధర నెలనెలా ఎలా పడిందో, దుకాణాలవాళ్లు ఏం రాసి అమ్మారో యాడ్లలోనే చూడాలని నా ఆశ. ఒక లైబ్రరీలో ఆ నాలుగేళ్ల సంపుటాలూ వరసగా ఉన్నాయంటే సంబరంగా వెళ్లాను. రెండో సంపుటం సగానికి వచ్చాక గానీ తేడా తెలియలేదు. ఒక్క సంచికకీ అట్ట లేదు. ప్రతిదీ విషయసూచికతో మొదలై చివరి వ్యాసంతో ఆగిపోతోంది. ఆ ముందూ ఆ వెనకా ఉండాల్సిన ఆకులే లేవు.

బైండింగ్‌కి పంపేముందు అట్టల్నీ, యాడ్లు తప్ప ఇంకేమీ లేని ఆకుల్నీ తీసేయడం అప్పట్లో చాలా లైబ్రరీల్లో మామూలే. లావు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, అలమరలో చోటు మిగులుతుంది. వ్యాసాల కోసం వచ్చేవాళ్లకి దానివల్ల నష్టమేమీ లేదు. మనకి మాత్రం కావలసిందే పోయింది. చిన్న దుకాణాల యాడ్లు, పోస్టులో సరుకు పంపేవాళ్ల ధరల పట్టికలు ఎక్కువగా ఉండేది ఆ వెనక పేజీల్లోనే.

అందుకే కాగితమా స్కానా అన్న ప్రశ్నకంటే ముందు ఇంకోటి అడగాలి: ఈ సంచిక అట్ట నుంచి అట్ట దాకా ఉందా? నా మటుకు నాకు మిగతావన్నీ దీని తర్వాతే. కనుక్కోవడం కష్టం కాదు. ముందట్ట, వెనకట్ట ఉన్నాయా చూడండి, పేజీ నంబర్లు ఎక్కడైనా దూకుతున్నాయా చూడండి. ఇక్కడొక చిక్కుంది. కొన్ని పత్రికలు యాడ్ పేజీలకు వేరే నంబర్లు వేసేవి, బైండు చేసేటప్పుడు సులువుగా తీసేయడానికి. అలాంటివాటిలో యాడ్లన్నీ పోయినా వ్యాసాల నంబర్లు చక్కగా వరసలోనే ఉంటాయి, ఏమీ పోలేదనుకుని మనం ముందుకెళ్లిపోతాం.

ఈ పరీక్షలో స్కాన్లు గెలుస్తున్నాయి. ముఖ్యంగా వరల్డ్ రేడియో హిస్టరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి వెబ్‌సైట్లలో, ఎవరో ఇంట్లో దాచుకున్న విడి సంచికల నుంచి తీసిన స్కాన్లు. పత్రిక తెప్పించుకుని దాచుకున్నవాడు యాడ్లు చింపి దాచుకోడు కదా! అయితే బైండు సంపుటాన్నే స్కాన్ చేసి పెట్టినవీ ఉంటాయి, వాటికి అదే జబ్బు, పైగా రెండు పేజీలకూ అడ్డంగా వేసిన యాడ్ మధ్యభాగం కుట్టులోకి పోతుంది.

స్కాన్లతో అసలు ఇబ్బంది వెతకడంలో ఉంది. ఫైల్లో వెతికితే ఏమీ రాలేదు కాబట్టి యాడ్ లేదని చాలామంది తేల్చేస్తారు. అది పొరపాటు. ఓసీఆర్, అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్, వరసగా అచ్చువేసిన చిన్న అక్షరాల్ని బాగా చదువుతుంది. యాడ్‌లో కంపెనీ పేరేమో పెద్దగా, వంకరగా, నల్లటి మీద తెల్లగా ఉంటుంది, దాన్ని చదవలేక వదిలేస్తుంది. అందుకని పేరు వదిలేసి యాడ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే చిరునామా వెతకండి. 1975లో 6501, 6502 మైక్రోప్రాసెసర్లని 20, 25 డాలర్లకే ఇస్తామన్న మాస్ టెక్నాలజీ యాడ్ కావాలంటే కంపెనీ పేరుకన్నా వాళ్ల వీధి పేరు రిట్టెన్‌హౌస్ ఎక్కువ పనికొస్తుంది. 1970ల ఇంటెల్‌కి బోవర్స్ ఎవెన్యూ, సిగ్నెటిక్స్‌కి ఆర్క్వెస్ ఎవెన్యూ అలాగే.

ఇంకో దారి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, సంచిక చివర ఉండే ప్రకటనకర్తల సూచిక. ఏ కంపెనీ యాడ్ ఏ పేజీలో ఉందో అక్షరక్రమంలో ఇస్తారు, చిన్న అక్షరాలు కాబట్టి ఓసీఆర్‌కీ దొరుకుతుంది. ఏడాది సంచికలకి ఈ ఒక్క పేజీ చూసుకుంటూ పోతే గంటలో పని తేలిపోతుంది. బైండు సంపుటంలో ఈ పేజీ కూడా వెనక యాడ్లతో పాటే పోయి ఉండే అవకాశం ఉంది, అదీ నా బాధ.

స్కాన్‌లో ధరలు, పార్టు నంబర్లు చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఫైలు సైజు బాగా తగ్గించడానికి వాడే కొన్ని కంప్రెషన్ పద్ధతులు ఒకేలా కనిపించే అంకెల్ని ఒకటే అనుకుని 6 స్థానంలో 8 పెట్టేయగలవు. మసకబారిన అంకెనైతే అనుమానిస్తాం, ఇది స్పష్టంగా కనిపించే తప్పు అంకె. ధర ముఖ్యమైతే అదే యాడ్ పక్క నెల సంచికలో చూసి పోల్చుకోండి. తేదీ విషయంలోనూ అంతే, అట్ట మీది నెల కన్నా ముందే పత్రిక బయటికొచ్చేది. ఇంట్లో కట్టుకునే తొలితరం కంప్యూటర్ ఆల్టెయిర్ 8800ని అట్ట మీద వేసిన పాపులర్ ఎలక్ట్రానిక్స్ 1975 జనవరి సంచిక 1974లోనే పాఠకుల చేతికి అందింది.

మైక్రోఫిల్మ్ (పేజీల్ని బాగా చిన్నగా ఫొటో తీసి పెట్టిన ఫిల్ము చుట్టలు) సంగతి క్లుప్తంగా చెప్తాను. రంగు ఉండదు, ఫొటోలు నల్లగా ముద్దయిపోతాయి. కానీ వారపత్రికగా న్యూస్‌పేపర్ సైజులో వచ్చిన ఎలక్ట్రానిక్ న్యూస్ లాంటివాటికి మొదట అడగాల్సింది అదే, ఎందుకంటే న్యూస్‌ప్రింట్ నిలవదు. ఇంటెల్ తొలి మైక్రోప్రాసెసర్ 4004ని లోకానికి ప్రకటించిన యాడ్ వచ్చింది ఆ పత్రికలోనే, 1971 నవంబర్ 15న.

గూగుల్ బుక్స్, లైబ్రరీల పుస్తకాల స్కాన్లు దాచే హాతీట్రస్ట్ వెబ్‌సైటు ఆనవాలు పట్టడానికి పనికొస్తాయి, అంతే. కాపీరైట్ ఉన్న సంపుటానికి హాతీట్రస్ట్ మనం వెతికిన మాట ఏ పేజీలో ఉందో మాత్రం చెప్తుంది, పేజీ చూపించదు. గూగుల్ పేజీలో చిన్న ముక్క చూపిస్తుంది గానీ సంపుటం మొత్తానికి ఒకటే తేదీ ఉండటంతో ఏ నెలదో తెలియదు. పైగా అవి ఎక్కువగా లైబ్రరీ సంపుటాల స్కాన్లే.

ఇక మిగిలింది అసలు సంచిక కొనుక్కోవడం. ఒకే ఒక్క యాడ్ కావాలి, తేదీ తెలుసు, రంగుల్లో అచ్చంగా కావాలి అంటే ఇదే మేలు. మొదటిసారి ఎప్పుడు వచ్చిందో తేల్చాలంటే మాత్రం పనికిరాదు, దానికి వరసగా సంచికలు కావాలి. పేరుమోసిన సంచికల జోలికి వెళ్లకండి. చిప్‌లో పట్టే భాగాల సంఖ్య ఏటేటా ఎలా పెరుగుతుందో చెప్పిన గోర్డన్ మూర్ వ్యాసం (మూర్ సూత్రానికి మూలం) వచ్చిన ఎలక్ట్రానిక్స్ పత్రిక 1965 ఏప్రిల్ 19 సంచికకి 2005లో ఇంటెల్ 10,000 డాలర్లు ఇస్తామని ప్రకటిస్తే లైబ్రరీలు తమ ప్రతుల్ని భద్రం చేసుకోవాల్సి వచ్చింది, ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో సంపుటమే మాయమైంది. పేరులేని సంచికలు అంత పలకవు, మనకి కావలసిన యాడ్లు ఎక్కువగా వాటిలోనే ఉంటాయి. కొనేముందు అమ్మేవాళ్లని వెనకట్ట ఫొటో, చివరి పేజీ నంబరు అడగండి. కూపన్ కత్తిరించారేమో కూడా అడగండి, కూపన్ పోతే దాని వెనకవైపున్న యాడ్‌లో అంత ముక్క పోయినట్టే.

సీకే722 యాడ్లు చివరికి నాకు స్కాన్లలోనే దొరికాయి. రెండు నెలల సంచికలు మాత్రం స్కాన్లలోనూ వెనక పేజీలు లేకుండా ఉన్నాయి. వాటి విడి ప్రతులకోసం ఇంకా చూస్తున్నాను.