గుడ్లు పెట్టించే తొట్టెకు ఏ నీరు మేలు: వాన నీరా, ఆర్‌వో నీరా, ఆమ్లమా?

నియాన్ టెట్రా, కార్డినల్ టెట్రా, డిస్కస్ వంటి అమెజాన్ ప్రాంతపు చేపలు మన బోరు నీటిలోనూ బతుకుతాయి, రంగు తేలుతాయి, జతకట్టి గుడ్లు కూడా పెడతాయి. కానీ ఆ గుడ్లు మరునాటికి తెల్లబడి బూజు పట్టిపోతాయి. ఈ జాతులు పుట్టిన ఏరుల్లో సున్నపు లవణాలు దాదాపు ఉండవు కనుక, కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో వాటి గుడ్లు సరిగా ఫలదీకరణ చెందవు, చెందినవి కూడా చక్కగా పొదగవు. అందువల్ల ఇలాంటి చేపలను పిల్లలు పెట్టించదలచిన వారు నీటిని మార్చక తప్పదు. గప్పీ, మోలీ, ప్లాటీలను పెంచేవారికి ఈ శ్రమ అక్కరలేదు, ఎందుకంటే వాటికి కఠిన జలమే హితవు.

ముందుగా మన నీరు ఏపాటిదో కొలవాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వాన్ని (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదును) అంగీకరిస్తుంది, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. చేపల పెంపకందారులు వాడే కఠినత్వపు డిగ్రీ ఒకటికి 17.9 మిల్లీగ్రాములు కాబట్టి, మనం నిశ్చింతగా తాగే నీరు 11 డిగ్రీలు ఉండవచ్చు. నియాన్ టెట్రా గుడ్లకు కావలసినది ఒకటి రెండు డిగ్రీలే. కందిపప్పు ఉడకని బోరు ఉన్న ఇంట్లో ఈ దూరం ఎంతో చెప్పనక్కరలేదు. ఇక్కడ టీడీఎస్ పెన్ను ఒక్కటే సరిపోదు, అది మొత్తం లవణాలను అంచనా వేస్తుందే తప్ప అందులో సున్నమెంత, ఉప్పెంత అని విడదీసి చెప్పదు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కనున్న ఊళ్లలో ఈ తేడా మరీ ముఖ్యం. జీహెచ్, కేహెచ్ అనే రెండు చుక్కల పరీక్షలు కొనుక్కోవడం మంచిది: మొదటిది కాల్షియం, మెగ్నీషియాలను, రెండవది బైకార్బనేట్‌ను కొలుస్తుంది.

అసలు కీలకం ఈ రెండవ కొలతలోనే ఉంది. దుకాణంలో సులభంగా దొరికేది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) తగ్గించే ఆమ్లపు సీసా కనుక చాలామంది దానితోనే మొదలుపెడతారు. బైకార్బనేట్ ఉన్న నీటిలో ఆమ్లం పోస్తే, బైకార్బనేట్ ఆ ఆమ్లాన్ని పట్టి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువు నీటిలో ఉన్నంతసేపు పీహెచ్ పడిపోయినట్టు కనిపిస్తుంది, గాలి బుడగలతో అది బయటకు పోగానే అంకె మళ్లీ పైకి వస్తుంది, మనిషి మళ్లీ సీసా అందుకుంటాడు. బైకార్బనేట్ అంతా అయ్యేదాకా పోస్తే మాత్రం ఒక్క చుక్క ఎక్కువైనా పీహెచ్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఇంత చేసినా కాల్షియం ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. ఫాస్ఫారిక్ ఆమ్లమైతే పాచి పెరగడానికి ఎరువు వేసినట్టే. కాబట్టి పీహెచ్ అంకెను వెంటాడడం కంటే కఠినత్వాన్ని తీసివేయడమే సరైన పని, అది పోతే పీహెచ్ తగ్గించడం తేలిక. ఈ పోటీలో ఆమ్లపు సీసాకు నేను చోటివ్వను. ఉప్పుతో పునరుద్ధరించే ఇంటి సాఫ్ట్‌నర్‌దీ అదే గతి: అది కాల్షియానికి బదులు సోడియం పెడుతుంది, బైకార్బనేట్‌ను ముట్టుకోదు.

మిగిలినవి వాన నీరు, ఆర్‌వో నీరు, అంటే యంత్రంలో సన్నని పొర గుండా పంపి లవణాలు తీసివేసిన నీరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆపైన అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల వానలు మన జిల్లాలకు ఉండనే ఉన్నాయి. శుభ్రమైన వానలో కఠినత్వం దాదాపు సున్నా, పీహెచ్ సుమారు 5.6. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు కాబట్టి, పది చదరపు మీటర్ల పరదా కట్టి, దుమ్ము కడిగే మొదటి రెండు మిల్లీమీటర్లు వదిలేసినా, 30 మిల్లీమీటర్ల జల్లుకు 280 లీటర్లు దక్కుతాయి. డాబా మీది నీరు, సిమెంటు రేకు మీది నీరు మాత్రం వాడకూడదు, సిమెంటులోని సున్నం దారిలోనే కలిసి మన ఉద్దేశాన్ని చెడగొడుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ పరదాయే నయం. తీరపు గ్రామాల వారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి: 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటి వంటి ఈదురుగాలి సముద్రపు తుంపరను లోపలికి మోసుకువస్తుంది కనుక తుఫాను వాన పట్టకుండా, గాలి లేని ముసురు పట్టాలి. పట్టినదాన్ని మూత, దోమతెర ఉన్న నీలం డ్రమ్ముల్లో చీకటిగా ఉంచితే చలికాలానికీ పనికొస్తుంది.

ఆర్‌వో సుగుణం ఏడాది పొడవునా ఒకే తీరుగా నీరివ్వడం. అయితే ఇంటి యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం పచ్చి నీటిని కొంత తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలరు, ఖనిజాలు చేర్చే గొట్టం ఉంటాయి. చేపల కోసం నీటిని ఆ రెండింటికీ ముందే, పొర నుంచి నేరుగా తీసుకోవాలి. ఒక లీటరు మంచి నీటికి రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి కాబట్టి, వేసవిలో కుళాయి కోసం ఎదురుచూసే వీధిలో వాటిని గిన్నెలకూ బట్టలకూ వాడే ఏర్పాటు లేకుండా ఈ పద్ధతి మొదలుపెట్టడం నాకు న్యాయంగా తోచదు. ప్లాంటు టిన్ను నీరు కొనేవారు ప్రతి టిన్నునూ పరీక్షించక తప్పదు, పొర పాతబడే కొద్దీ అంకె మారుతుంది.

ఈ రెంటిలో ఏ నీటికైనా ఆమ్లత్వం తెచ్చేందుకు పండి రాలి ఎండిన నాటు బాదం ఆకు చక్కని తోడు. దానిలోని వగరు పదార్థాలైన టానిన్లు కఠినత్వం లేని నీటిలో పీహెచ్‌ను నెమ్మదిగా దించుతాయి, గుడ్ల మీద బూజును కొంత అదుపు చేస్తాయి. అదే ఆకు బోరు నీటిలో వేస్తే రంగే వస్తుంది. విదేశీ పుస్తకాల్లోని పీట్‌కు (చిత్తడి నేలల్లో నాచు వంటివి కుళ్లి ఏర్పడే పదార్థం) బదులు ఉద్దానం కొబ్బరి పొట్టు వేద్దామనుకోవడం పొరపాటు. అది వేరే పదార్థం, పైగా అందులో సోడియం, పొటాషియం లవణాలు దాగి ఉంటాయి.

నా తీర్పు ఇది: వానల కాలంలో ఒకటి రెండు జతలను పొదిగించేవారికి వాన నీరు, బాదం ఆకు మేలు, డిస్కస్‌ను ఏడాది పొడవునా పెంచేవారికి ఆర్‌వో. పెంపకశాలల్లో తరతరాలుగా పెరిగిన ఏంజెల్ చేపకు ఇలాంటి నీరు, బోరు నీరు సగం సగం కలిపితే చాలు. వాన నీరైనా ఆర్‌వో నీరైనా ఒట్టిగా వాడితే పీహెచ్ నిలకడగా ఉండదు కనుక కాస్త బోరు నీరు కలపాలి: లీటరుకు 250 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న బోరు నీరు ఒక వంతుకు తొమ్మిది వంతుల వాన నీరు చేరిస్తే అది 25కు దిగుతుంది, టెట్రాలకు అది సరిపోతుంది. ఆమ్ల తొట్టెలో నీరు మార్చేటప్పుడు నేరుగా బోరు నీరు పోయకూడదు. అక్కడ అమ్మోనియా హాని చేయని అమ్మోనియం రూపంలో పోగై ఉంటుంది, పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషపు రూపం సుమారు పదింతలవుతుంది. పిల్లలు ఈదడం మొదలుపెట్టిన తరువాత, కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా బోరు నీటి వంతు పెంచుతూ పోతే అవి మామూలు తొట్టెకు అలవాటుపడతాయి.